నిర్జన సౌందర్యం: ఒక నైతిక ప్రశ్న

మెల్బోర్న్ నగరానికి పడమటగా సుమారు 250 కిలోమీటర్ల దూరాన ఇసుకరాతి కొండల వరస ఒకటి ఉంది. దొరల పటంలో దాని పేరు గ్రాంపియన్స్. ఆ నేల బిడ్డలైన జాబ్‌వురుంగ్, జార్ద్‌వాద్‌జలి జనుల నోట గారివర్ద్. 1984 నుంచి అది జాతీయవనం. అక్కడికి సెలవుకు వెళ్లే వేలాదిమందిలో నేనూ ఒకణ్ణి. సాయంకాలం హాల్స్ గ్యాప్ ఊరి పచ్చికలో కంగారూలు నిర్భయంగా మేస్తుంటే నా మనసులో మెదిలిన మాట ఇది: "మనిషి చెయ్యి పడని చోటు!"

ఆ మాట అబద్ధమని మర్నాడు తెలిసింది. వనం ఉత్తరపు కొసన గుల్గర్న్ మంజా అనే రాతిచరియ ఉంది. పేరుకు అర్థం పిల్లల చేతులు. రాతిమీద ఎర్రమట్టితో అద్దిన చిన్నచిన్న అరచేతులు. వాటి ముందు ఇనుప కంచె. కంగారూకు లేని కంచె ఆ చేతులకెందుకు? నావంటి యాత్రికుల బారి నుంచి కాపాడడానికి!

అక్కడి నిర్జనత ప్రకృతి ప్రసాదించింది కాదు, చరిత్ర చేసిపెట్టింది. 1836లో సర్వేయరు థామస్ మిచెల్ ఈ దారిన వచ్చి, స్కాట్లండు కొండల పేరు వీటికి తగిలించాడు. అతని వెనుకనే గొర్రెల మందలూ, వాటి యజమానులూ వచ్చారు. ఆదివాసి స్త్రీలు తవ్వుకొచ్చే ముర్నాంగ్ దుంపలను గొర్రెలు తినేశాయి. ఆకలీ, రోగాలూ, తుపాకులూ కలిసి జనాన్ని నేలనుంచి వేరుచేశాయి. అది ఎవరిదీ కాని నేల అన్న సిద్ధాంతాన్ని ఆస్ట్రేలియా హైకోర్టు తోసిపుచ్చింది 1992లో, మాబో తీర్పుతో. అంతకు ముందు ఏడాది వనం పేరులో చేరిన గారివర్ద్‌ను కొత్తగా గెలిచిన రాష్ట్ర ప్రభుత్వం తీసివేయించిందీ ఆ 1992 ఎన్నికల తర్వాతనే. తరువాత జంటపేర్లు మళ్లీ వచ్చాయి.

ఇందులో నా పాపమేముంది? మా తాతలూ అదే సామ్రాజ్యపు కాడి మోసినవారే. అక్కడ స్థిరపడిన తెలుగువాడికి ఈ వాదం చాలా తేలిక, నేనూ చేశాను. కాని ఇది సగం నిజమే. నేరం చేసినవాడిది. ఫలం అనుభవించేవాడిది బాధ్యత. తెలియక దొంగసొత్తు కొన్నవాడు దొంగ కాడు. తెలిసిన తర్వాత కూడా ఇది నాదేనని కూర్చుంటే అతన్ని ఏమనాలి?

వనమే లేకపోతే గనులూ, కలపవ్యాపారులూ ఈ కొండలను మిగల్చరని కొందరంటారు. కాదనను. ఐతే సొంతదారులకు అధికారం లేని రక్షణ మరో కంచె మాత్రమే. వారు అంతరించిన జాతి కారు. వారసులు నేడూ ఉన్నారు. వారసత్వ స్థలాల రక్షణకోసం 2019లో అనేక కొండచరియలపై ఎక్కడాన్ని నిషేధించినప్పుడు, తమ స్వేచ్ఛ పోయిందని కొండలెక్కేవారు గొడవచేశారు. ఎవరి స్వేచ్ఛ, ఎవరి నేలమీద?

సిగ్గుపడితే చాలదు. సిగ్గు నా మనసుకు ఊరట, వాళ్లకేమీ ఒరగదు. ఏ చరియ ఎక్కరాదో, ఏ గుహకు పోరాదో నిర్ణయించే హక్కు ఆ వారసులకు దక్కాలి. అందువల్ల నా సెలవురోజు ఆనందం కొంత తగ్గితే తగ్గనివ్వాలి. ఆ తగ్గుదలకు ఒప్పుకోనివాడి ప్రకృతిప్రేమ ఆస్తిమీది మమకారమే.