చిట్టాలోని లాభము, పెట్టెలోని పైకము

అరువు లేనిదే వర్తకము సాగదు. సరుకు పంపిన దినముననే పైకము రావలెనన్నచో సగము అంగళ్లు మూతపడును. అరువిచ్చుట నమ్మకమునకు గుర్తు. అందులో దోషము లేదు. కాని అరువుపై అమ్మిన సరుకులో వచ్చినదని వ్రాసుకొనిన లాభము నిజముగా వచ్చినట్లేనా? ఇది లెక్కల ప్రశ్నవలె కన్పట్టినను, మూలమున సత్యవ్రతమునకు సంబంధించిన ప్రశ్న.

ఒక బట్టల వర్తకుడు ఏడాదిలో 10,00,000 రూపాయల సరుకును అరువుపై అమ్మెననుకొందము. ఆ సరుకు కొన్న ధర 7,00,000. అద్దె, జీతములు 1,50,000. ఈ రెండును నగదుగా చెల్లించెను. అమ్మిన దినముననే ఆదాయముగా వ్రాయు పద్ధతిలో వ్యాపార లాభము 1,50,000. కాని ఏడాది ముగియునప్పటికి వసూలైనది 6,00,000 మాత్రమే. నగదు లెక్కలో అదే వ్యాపారమునకు 2,50,000 నష్టము. మిగిలిన బాకీలో 50,000 రాకపోవచ్చునని మొదటి లెక్కలో తగ్గించినచో లాభము 1,00,000. వర్తకము ఒక్కటే, ఫలితములు మూడు.

వీనిలో ఏది సత్యము? ఏ దృష్టితో చెప్పబడినదో ఆ దృష్టిలో మూడును సత్యములే యని అనేకాంతము నెరిగినవారు చెప్పగలరు. అయితే దృష్టిని దాచి అంకెను మాత్రమే చూపినచో అది సత్యము కాదు. బ్యాంకువారికి పెద్ద లాభమును, విడిపోవు భాగస్తునికి నష్టమును చూపువాడు అనేకాంతమును అసత్యమునకు గొడుగుగా పట్టుచున్నాడు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టములోని 145వ సెక్షను నగదు పద్ధతినో, మర్కంటైల్ పద్ధతినో ఎన్నుకొనుటకు వర్తకునికి వీలిచ్చినది. ఎన్నుకొన్నదానిని నిలకడగా అనుసరింపుమన్నది. 2013 నాటి కంపెనీల చట్టము 128వ సెక్షను కంపెనీలకు ఆ వీలు లేకుండ చేసి, మర్కంటైల్ పద్ధతినే విధించినది. అయినను కొన్ని నిర్ణయములు కంపెనీ చేతిలోనే యుండును: అమ్మకము ఎన్నడు పూర్తియైనట్లు, ఏ బాకీ రానట్లు, మిగిలిన సరుకు వెల ఎంత. మార్చి నెలాఖరున ఏజెంట్లకు అవసరమునకు మించి సరుకు పంపి, ఏప్రిల్‌లో తిరిగి తీసుకొందుమని లోపాయికారిగా మాట ఇచ్చినచో చిట్టాలో లాభము పెరుగును. కాని అమ్మకము జరుగలేదు.

ఇట్టి చిన్న అంతరము ఎంతవరకు పోగలదో 2009 జనవరి 7న లోకమెరిగినది. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు డైరెక్టర్లకు వ్రాసిన లేఖలో, అంతకుముందు సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభము నిజమునకు 61 కోట్లేనని తెలిపెను. లేని నగదును ఉన్నట్లు చూపుటయే గాక, రావలసిన బాకీలను 490 కోట్లు ఎక్కువ చేసి చూపినట్లును ఒప్పుకొనెను. మొదట స్వల్పమైన తేడా ఏటేట పెరిగినదని ఆ లేఖయే చెప్పినది.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో కూటలేఖక్రియను, అనగా దొంగవ్రాతను, సత్యవ్రతమునకు అతిచారముగా చెప్పెను; హెచ్చుతగ్గు తూకములను అస్తేయవ్రతమునకు అతిచారముగా చెప్పెను. దొంగ తూకమునకు కాటా సాధనమైనట్లే దొంగ లెక్కకు కలము సాధనము. కాగితముపై అంకెలే గదా, ఎవరికి హాని యనరాదు. రాని లాభమును పంచుకొనిన ఇంటిలో మూలధనము కరగును. దానిని నమ్మి పొదుపు సొమ్మును డిపాజిట్టుగా ఉంచిన వృద్ధురాలు మోసపోవును.

ఇరువదియేండ్ల ఖాతాదారుని బాకీని సందేహపు పద్దులో చేర్చుట అతనిని అవమానించుట కాదా యని కొందరందురు. కాదు. అది బాకీ వదలుకొనుటయు కాదు, నింద వేయుటయు కాదు. కష్టములోనున్న వానికి గడువిచ్చుట దయ. ఆ దయకగు వెలను భాగస్తులకు తెలియకుండ దాచుట దయ కాదు.

దీపావళినాడు, మహావీరస్వామి నిర్వాణదినమున, లెక్క పుస్తకములకు పూజచేసి శుభము, లాభము అని వ్రాయుట మన ఇండ్లలో ఆచారము. పూజకు ముందొకనాడు ఆవర్జా తెరచి, ఒక్కొక్క బాకీ ఎదుట నిలిచి, ఇది వచ్చునా రాదా యని తమ్ముని ఎదుట, భాగస్తుని ఎదుట చెప్పగలిగినట్లు వ్రాయవలెను. అట్లు వ్రాసినపుడు లాభము కొంత తగ్గవచ్చును. ఆ తగ్గిన లాభమే పంచుకొనదగిన లాభము.