పొట్టేలు ఒళ్లు విదిలించేదాకా

తెలంగాణ మెట్టప్రాంతాల్లో గొర్రెల మందలమీద బతికే గొల్లకురుమల ఆచారాల్లో ఒకటి, చూడడానికి చిన్నదే అయినా, ప్రాణం తీసే హక్కు మనిషికి ఉందా అన్న, ధర్మశాస్త్రాలకే కొరుకుడు పడని ప్రశ్నను లేవనెత్తుతుంది. మొక్కుబడి పొట్టేలును దేవత ముందు నిలిపి, దాని తలమీద, వీపుమీద నీళ్లు చల్లి, అది ఒళ్లు విదిలించేదాకా కత్తి ఎత్తకుండా ఆగుతారు. ఈ విదిలింపును జడ్తి అంటారు; దేవత బలిని స్వీకరించిందనడానికి అదే గుర్తు. విదిలించకపోతే మళ్లీ నీళ్లు చల్లుతారు, తప్పేమైనా జరిగిందేమోనని దేవతను వేడుకుంటారు.

ప్రాణం తీయడానికి అనుమతి అవసరమన్న భావన వైదిక కర్మకాండలోనూ ఉంది. యాగంలో పశువధను ‘సంజ్ఞపనం’ అంటారు. ఎరుకపరచడం, సమ్మతింపజేయడం అని ఆ మాటకు వ్యుత్పత్త్యర్థం. పశువు సమ్మతితోనే ప్రాణం తీస్తున్నామన్న ఈ సమాధానంతో అందరూ తృప్తి పడలేదు. వైదిక కర్మలో అశుద్ధి ఉందని సాంఖ్యకారిక అన్నప్పుడు, ఆ అశుద్ధి పశుహింసేనని వ్యాఖ్యాతలు వివరించారు. మధ్వాచార్యులు పశువుకు బదులు పిండితో చేసిన బొమ్మను, అంటే పిష్టపశువును, విధించారు. వీరందరికంటే ముందే, నేటి కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండమీద చెక్కిన అశోకుని మొదటి శిలాశాసనం ప్రాణిని చంపి బలి ఇవ్వరాదని శాసించింది. అయితే రాజు వంటశాలలో ఇంకా రెండు నెమళ్లు, ఒక జింక చస్తున్నాయని, ఇకముందు అవీ చావవని అదే శాసనం దాచకుండా చెప్పుకుంది. నిషేధం కంటే ఆ ఒప్పుకోలే గొప్పది.

గొర్రెలకాపరికి ఈ ప్రశ్న గ్రంథాల్లోనిది కాదు. ఈనేవేళ పిల్లను చేతుల్లోకి అందుకొని, నడవలేని దాన్ని భుజాన వేసుకొని, ఎండాకాలం మేతకోసం ఊళ్లకు ఊళ్లు దాటించినవాడే చివరికి దాన్ని చావుకు అప్పగించాలి. ఆడగొర్రెలను ఈతకు ఉంచుకొని, విత్తనానికి ఒకటి రెండు పోను మిగిలిన పొట్టేలు పిల్లలను కొన్ని నెలలకే అమ్ముకుంటే తప్ప చిన్న మంద నిలవదు. కాబట్టి వధ అతని వృత్తికి వెలుపల ఉన్నది కాదు, మందను సాకడంలోనే ఇమిడి ఉన్నది. సంతలో బేరం కుదిరిన పిల్లకు నీళ్లు చల్లి ఆగేవారు ఎవరూ ఉండరు.

తడిసిన జంతువు ఒళ్లు విదిలించడం శరీరధర్మమే తప్ప దేవత సమ్మతి కాదు. దానిని సమ్మతిగా చదవడం మనిషి తనకు తాను చెప్పుకొనే ఓదార్పేనన్న విమర్శ న్యాయమైనది. కాని ఆ విమర్శ విదిలింపుకే వర్తిస్తుంది, దానికి ముందున్న నిరీక్షణకు వర్తించదు. పెంచినంత మాత్రాన ప్రాణం తన సొత్తు కాలేదని, అడగకుండా తీయరాదని కాపరి ఎరిగి ఉన్నందువల్లనే ఆ కొద్దిసేపు కత్తి ఆగుతుంది. బలులను నిషేధించిన 1950 నాటి చట్టం ఆ కత్తిని చూసింది గాని, ఈ ఎరుకను చూడలేదు.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరలో యాదవులు లింగమంతుల స్వామికి శాకాహార నైవేద్యం పెట్టి, అదే గుట్టమీద చౌడమ్మకు యాటలను బలి ఇస్తారు. రక్తం ముట్టని దైవాన్నీ, రక్తం కోరే దైవాన్నీ ఒకే గుట్టమీద కొలిచే ఆ భక్తులు ఇద్దరిలో ఎవరినీ వదులుకోలేదు.