గోడా, దడా?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో పెరళ్లలో పాత చెట్లు నేలకూలాయి. పెరడు బోసిపోగానే మనకు ముందు తోచేది ప్రహరీ. కానీ గాలి లెక్క వేరు. నిండు గోడకు కొట్టుకున్న గాలి పైకెక్కి, అవతల సుడి తిరుగుతూ దిగుతుంది. ఆకుల దడి మాత్రం కొంత గాలిని తనలోంచి వదిలి, దాని వేగాన్ని మరింత దూరం దాకా తగ్గిస్తుంది. దడి దొంగలను ఆపుతుందా అంటారు. వాక్కాయ ముళ్లలో చెయ్యి పెట్టి చూడమనండి! పప్పులోకి కాయలు అదనం. ఎదగడానికి ఏళ్లు పడుతుందన్నది నిజమే. అందాకా వెదురు తడిక కట్టి, పక్కనే గోరింట కొమ్మలు నాటుకోవచ్చు. పాత మొద్దు ఉన్నచోటే మాత్రం నాటకండి, వేళ్లు కుళ్లేకొద్దీ నేల కుంగుతుంది. రెండడుగులు లోపలికి జరిపితే పొరుగువారితో పేచీ కూడా ఉండదు.