పెద్దఱికము

పదిమందిచేఁ బని చేయించువానికి మొదట కావలసిన గుణమేది? ఆజ్ఞాపించు నేర్పని పలువురందురు. తన లెక్క తప్పినదని యొప్పుకొను ధైర్యమని నేననెదను.

మా కళ్యాణదుర్గము చేరియున్న దత్తమండలములకు 1800 నుండి 1807 వఱకు కలెక్టరైన థామస్ మన్రో, కచేరిలోఁ గూర్చుండక డేరాలతో నూరూరఁ దిరిగి రైతుల మొఱ వినెను. తాను నిర్ణయించిన శిస్తే యధికమని గ్రహించి, నూటికి 25 పాళ్లు తగ్గింపవలెనని 1807లోఁ బైవారికి వ్రాసెను. వారంగీకరింపలేదు. 1820లో గవర్నరైన పిదపనే యది సాగినది. ఈ సీమవారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. ఒప్పుకోలువలన గౌరవము తగ్గలేదు. కాని నడుమ గడచిన 13 ఏండ్ల బరువును మోసినవాఁడు రైతే.

కావున బడిలోఁ గాని, కచేరిలోఁ గాని, యింటఁ గాని, “ఏల చేయలేదు?” అని గద్దించుటకు ముందే, “నేను మోపిన బరువు మోయఁదగినదేనా?” అని పెద్దలు తమ్ముఁ దామడుగుకొనవలెను. ఆలస్యముగా నొప్పుకొన్న తప్పునకు వెల చెల్లించువాఁడు క్రిందివాఁడే.