క్షమాపణ వినుటకు మిగులని జీవులు



ప్రతి యేట సంవత్సరీ దినమున వేలూరులోను, గుడియాత్తములోను మనము ప్రతిక్రమణము చేసి, ఏకేంద్రియము మొదలు పంచేంద్రియము వరకుగల సమస్త జీవులను క్షమాపణ వేడుకొనుచున్నాము. అంతవరకు బాగుగనే యున్నది. కాని యొక ప్రశ్న. ఏ జాతిలో ఒక్క ప్రాణియైనను మిగులలేదో, ఆ జాతిని క్షమాపణ వేడుట యెట్లు?

“జీవుడు నిత్యుడు, పోవునది శరీరమే, ఒక జాతి పోయినంతమాత్రమున నష్టమేమి?” అని కొందరు అడుగవచ్చును. మనుష్యుడు పుట్టకముందే అంతరించిన జాతులు లెక్కలేనన్ని గలవు. ఆ పాపము మనది కాదు. అయితే మన ఆచార్యులు హింసను చచ్చిన ప్రాణిని బట్టి మాత్రమే కొలువలేదు. చంపినవాని ప్రమాదమును బట్టియు కొలిచిరి. ప్రమాదమనగా ఇచ్చట అజాగ్రత్త. కషాయములకు లోబడిన మనస్సు. ఈనాడు జాతులు నశించుచున్న విధమును చూచినచో ఈ మాట యెంత నిజమో తెలియును.

చీటా సంగతి చూడుడు. ఒకప్పుడు మన దేశపు పచ్చికబయళ్లలో అది విరివిగా తిరిగెడిది. మొగలాయి చక్రవర్తులు జింకలను వేటాడించుటకై చీటాలను పట్టించి మచ్చిక చేసిరి. బంధములో చీటా పిల్లలను పెట్టుట మిక్కిలి అరుదు. కావున ప్రతి చీటాను అడవినుండియే తేవలసివచ్చెను. పిమ్మట తుపాకి వచ్చెను, బయళ్లు పొలములాయెను, దాని ఆహారమైన కృష్ణజింకలు తగ్గిపోయెను. 1947లో కొరియా సంస్థానములో మూడు చీటాలు వేటకు బలియయ్యెను. మన గుడియాత్తమునకు పొరుగుననున్న చిత్తూరు జిల్లాలో చీటా కనబడినట్లు 1952లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పత్రికలో ఒక నివేదిక వెలువడినది. ఆ యేడే అది దేశములో అంతరించినదని ప్రకటింపబడెను. 2022లో నమీబియానుండి ఎనిమిది చీటాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చిరి. పోయిన దానిని సముద్రము దాటి వెదకవలసివచ్చినది.

అది వినోదమువలన జరిగిన హింస. “మేము వేటాడువారము కాము, మాంసము ముట్టువారము కాము” అని మనము నిశ్చింతగా ఉండవచ్చునా? రాబందుల కథ వినుడు. 1990వ దశకమునుండి మన దేశములో మూడు జాతుల రాబందులు నూటికి 90కి పైగా నశించినవి. వాటిని ఎవరును వేటాడలేదు. పశువుల నొప్పి తగ్గుటకు డైక్లోఫెనాక్ అను మందు ఇచ్చుచుండిరి. ఆ పశువు చచ్చినపుడు దాని కళేబరమును తిన్న రాబందుకు మూత్రపిండములు చెడి ప్రాణము పోయెడిది. ఈ సంగతి 2004లో నిర్ధారణ కాగా, 2006లో పశువులకు ఆ మందును ప్రభుత్వము నిషేధించెను. ఆవుపై చూపిన దయయే, జాగ్రత్త లేనందున, రాబందుకు విషమైనది! కత్తి పట్టని చేతులవలన ఇంత జరిగినది.

కావుననే శాస్త్రములో కృత, కారిత, అనుమోదితములని మూడు చెప్పబడినవి. తాను చేయుట, చేయించుట, చేసినదానికి సమ్మతించుట. మనము పెట్టుబడి పెట్టిన వ్యాపారము ఏ చెరువును విషము చేయుచున్నది? మనము కొన్న స్థలమునకై ఏ గుట్ట చదునైనది? చిట్టా వ్రాయుటలో ఒక్క పైసా తప్పనివారము, ఈ లెక్కను ఏల విడిచిపెట్టవలెను?

నిరాశ పడనక్కరలేదు. గుడియాత్తము మీదుగా పారు కౌండిన్యానది ఎగువన, పలమనేరు అడవులలో దాదాపు రెండు శతాబ్దములు ఏనుగులు లేవు. 1980వ దశకములో పొరుగు రాష్ట్రముల అడవులనుండి కొన్ని మందలు తమంత తామే వచ్చి చేరినవి. వాటికై 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. వేరొకచోట మిగిలియుండబట్టి ఏనుగు తిరిగి రాగలిగినది. అయితే అవి పైరులు త్రొక్కుచున్నవి; రైతు కష్టము నిజమైనది. కరెంటు తీగలు తగిలి ఏనుగులును చచ్చినవి. జీవదయ పేరిట మనమిచ్చు విరాళములో కొంత ఆ రైతునకు చేరినచో ఏనుగును, రైతును ఇద్దరిని కాపాడినవారమగుదుము.

మరియొక పని నేడే చేయదగినది. గోశాల నడుపువారును, దానికి ద్రవ్యమిచ్చువారును పశువైద్యుని ఒక్క మాట అడుగవలెను: “అయ్యా, ఈ మందు రాబందులకు హాని చేయనిదేనా?” మెలోక్సికామ్ వంటి హాని లేని మందు ఉన్నది. నీలగిరుల దిగువన మోయారు లోయలో రాబందులు ఇంకను ఎగురుచున్నవి.

క్షమాపణ వేడుటకు వేడువాడు ఒక్కడున్న చాలదు. వినుటకు ఎదుట ఒక జీవి యుండవలెను. రాబోవు సంవత్సరీ నాటికి ఆ ఎదుటి జీవి మిగిలియుండునట్లు నడచుకొనుటయే నిజమైన ప్రతిక్రమణము.

జై జినేంద్ర!