ప్రింటరు పలకాలంటే

కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రింటరు తగిలించడంలో రెండు మెట్లున్నాయి. కంప్యూటరు ఆ పరికరాన్ని గుర్తుపట్టాలి; ఆ తర్వాత దానికి అర్థమయ్యే భాషలో పేజీని పంపాలి. లినక్స్‌లో మొదటి పని సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నెల్‌ది, రెండోది డ్రైవరుది. విండోస్‌కు అలవాటుపడినవారికి రెండూ ఒకటేననిపిస్తుంది. చిక్కంతా అక్కడే.

దేవరాపల్లిలో ఒక జిరాక్సు షాపు ఉందనుకుందాం. కంప్యూటర్లో కొత్తగా ఉబుంటు అనే లినక్స్ వేశారు. పక్కనున్నది చిన్న షాపుల్లో తరచూ కనబడే కేనన్ ఎల్‌బీపీ 2900. షాపాయన అడుగుతాడు, పాలిటెక్నిక్ చదివే మేనల్లుడు చెబుతాడు.

"అల్లుడూ, ఇది పన్జెయ్యట్లేదురా."

"అది తీర్పు మావయ్యా. నువ్వు చూసిందేటో చెప్పు."

"ప్రింటు కొడితే కాగితం రాలేదు."

"టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టు. యూఎస్‌బీకి తగిలించినవన్నీ చూపిస్తుంది."

"ఏవో వరసలొచ్చాయి. ఒకదాంట్లో 04ఏ9, పక్కన కేనన్ అని ఉంది."

"04ఏ9 అంటే కేనన్ కంపెనీ నంబరు. కేబులు బాగానే ఉందన్నమాట."

"గుర్తుపట్టాక ప్రింటివ్వడానికేం రోగం?"

అసలు ప్రశ్న ఇదే. ఎల్‌బీపీ 2900కు తెలిసింది కేప్ట్ అనే కేనన్ సొంత భాష ఒక్కటే. లినక్స్‌లో ముద్రణ చూసే కప్స్‌కు అది తనంతట తాను రాదు. కేనన్ విడిగా ఇచ్చే డ్రైవరు వేసుకోవాలి. ఆ భాష తీరును బయటినుంచి గమనించి ఔత్సాహికులు రాసిన స్వేచ్ఛా డ్రైవరూ ఒకటుంది. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబులో జిరాక్స్ లేజర్ ప్రింటరు సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ దొరక్క రిచర్డ్ స్టాల్‌మన్ పడిన విసుగే 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఒక కారణమైంది. ప్రింటర్లతో ఈ తగువు పాతదే.

మేనల్లుడి తనిఖీకి పాత తర్కంలోనే పేర్లున్నాయి. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు, నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. తెరమీది వరస ప్రత్యక్షం. కేబులు బాగుందనడం అనుమానం. ఇంటర్నెట్‌లో దొరికిన ఆదేశం శబ్దం. చెప్పినవాడు ఆప్తుడైతేనే అది ప్రమాణం.

"నువ్వు చెప్పిందీ శబ్దమే కదరా?"

"అవును. అందుకే నీచేతే కొట్టించాను, ఫలితం నువ్వే చూశావు. సుడోతో మొదలయ్యేది పూర్తి అధికారంతో నడుస్తుంది; అలాంటి ఆదేశం మాత్రం ఎవరిచ్చినా, ఏం చేస్తుందో తెలిసాకే కొట్టు."

"నువ్వే కూచుంటే అయిదు నిమిషాల్లో అయిపోద్ది కదా. అడంగల్ కోసం రైతు నిలబడున్నాడు."

మావయ్య మాటను తేలిగ్గా తీసెయ్యలేం. గిరాకీ ఎదురుగా ఉండగా పాఠం చెప్పడం సాయమనిపించుకోదు. ముందు ఆ కాగితం ఇంకో చోట తీయించి రైతును పంపాలి. డ్రైవరు మాత్రం షాపాయన చేత్తోనే వేయించాలి, ఎంత ఆలస్యమైనా. అప్‌డేట్ తర్వాత అది మళ్లీ మొరాయిస్తే ఎక్కడ చూడాలో ఆయనకే తెలియాలి.

ఇక కొత్త ప్రింటరు కొనేవారు పెట్టెమీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూసుకోవాలి. అది ఉన్నవాటికి ఇప్పటి ఉబుంటులో విడిగా డ్రైవరు దాదాపు అక్కర్లేదు.