సబ్బాతు నాటి కరెంటు

ఇజ్రాయెల్‌లోని బ్నే బ్రాక్ వంటి పట్టణాల్లో, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా సాగే సబ్బాతు అనే విశ్రాంతి దినాన, చాలా హరేదీ (కఠిన సంప్రదాయ) యూదు కుటుంబాలు గ్రిడ్ కరెంటు వాడవు. ఇల్లు వీధి జనరేటర్‌కో, బ్యాటరీకో మారుతుంది. కరెంటు పోతుందన్న భయం ఇందుకు కారణం కాదు.

సబ్బాతు నాడు ఇళ్లలో నిప్పు రాజేయరాదని బైబిల్‌లోని నిర్గమకాండం 35వ అధ్యాయం శాసిస్తుంది. ముందే వెలిగించిన దీపం వాడుకోవచ్చు. కానీ ఆ రోజు విద్యుత్కేంద్రంలో ఒక యూదుడు నియమం తప్పి పనిచేస్తే, ఆ పని ఫలాన్ని మరొకరు అనుభవించవచ్చా? హజోన్ ఇష్‌గా ప్రసిద్ధుడైన రబ్బీ (యూదు మతగురువు) అవ్రహాం కరేలిట్స్ (మరణం 1953) కూడదన్నారు. అది దైవనామానికి అపచారమని ఆయన అభిప్రాయం. ఆసుపత్రుల కోసం ఉత్పత్తి ఎలాగూ సాగాలి, ప్రాణరక్షణ సబ్బాతును మించినది, కాబట్టి ఆ కరెంటు అందరూ వాడుకోవచ్చని ఇతర రబ్బీలు అనుమతించారు. ఈ వాదం బలమైనదే. అయినా సౌకర్యం వెనక ఒక మనిషి శ్రమ ఉందని గుర్తించే మొదటి వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం.

జనరేటరా, బ్యాటరీయా అన్న ఎంపికలోనూ ప్రాణరక్షణే కొలమానం. డీజిల్ జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఇళ్ల మధ్య ఇంధన నిల్వ ప్రమాదం. మోత పొరుగువారికి బాధ. ముందే ఛార్జ్ చేసిన బ్యాటరీతో ఈ చిక్కులు తప్పుతాయి. ఆక్సిజన్ యంత్రంపై ఆధారపడిన రోగి ఉన్న ఇంట్లో ఏ ఏర్పాటు విఫలమైనా వెంటనే గ్రిడ్‌కు మారడం యూదు ధర్మశాస్త్రం ప్రకారం విధి.